ఐటీఐ, ఐఐటీ: మద్రాసు ఐఐటీ చరిత్రలో మన వాటా

చెన్నైలో సర్దార్ పటేల్ రోడ్డు మీద, గిండీ నుంచి అడయారుకి పోయే దారిలో మూడు పెద్ద గేట్లు కనిపిస్తాయి. ఒకటి గిండీ ఇంజనీరింగు కాలేజీది. 1794లో సర్వే స్కూలుగా మొదలై, 1859లో కాలేజీగా మారి, ఇప్పుడు అన్నా యూనివర్సిటీలో భాగంగా వుంది. రెండోది 1948లో పెట్టిన కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థది. మూడోది ఐఐటీది. 1959 జూలై 31న కేంద్రమంత్రి హుమయూన్ కబీర్ దాన్ని ప్రారంభించారు. గవర్నరు గారి అడవిలోంచి కోసిచ్చిన స్థలం. ఇప్పటికీ లోపల జింకలు తిరుగుతుంటాయి.

ఈ మూడు గేట్ల చరిత్రల్ని చరిత్రకారులు మూడు వేరువేరు పుస్తకాల్లో రాస్తారు. మేం మూడింటినీ కలిపి చదవాలనుకుంటున్నాం. విడివిడిగా చూస్తే కనపడనిది కలిపి చూస్తే కనపడుతుంది. 'జాతీయ' సాంకేతిక విద్యకి ప్రహరీ కట్టినప్పుడు, చేత్తో పని తెలిసిన కులాలన్నీ ఆ ప్రహరీకి బయటే మిగిలాయి. లోపలికి మనం మొదటిసారి హక్కుగా అడుగుపెట్టింది 1973లో. అంటే గేటు తెరిచిన పద్నాలుగేళ్లకి. ఆ పద్నాలుగేళ్లు ఎలా గడిచాయి, అంతకుముందు ఏం జరిగింది, ఆ తర్వాత ఏం జరిగింది అన్నదే ఈ వ్యాసం.

ఐఐటీల కథ మనకి చెప్పే పద్ధతి ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధం ముగుస్తున్న రోజులు. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ప్రణాళిక, అభివృద్ధి శాఖ చూస్తున్న అర్దేశిర్ దలాల్ (టాటా కంపెనీ మనిషి) యుద్ధం తర్వాతి పరిశ్రమలకి ఇంజనీర్లు కావాలని ఆలోచించారు. 1945లో నళినీ రంజన్ సర్కార్ అధ్యక్షతన 22 మందితో కమిటీ వేశారు. దేశానికి తూర్పున, పడమర, ఉత్తరాన, దక్షిణాన ఒక్కొక్కటి చొప్పున నాలుగు ఉన్నత సాంకేతిక సంస్థలు పెట్టాలనీ, అవి అమెరికాలోని మసాచుసెట్స్ సంస్థ స్థాయిలో వుండాలనీ ఆ కమిటీ చెప్పింది. మొదటిది ఖరగ్‌పూర్‌లో, హిజ్లీ నిర్బంధ శిబిరం కట్టడాల్లో వచ్చింది. 1931 సెప్టెంబరు 16న బ్రిటిష్ పోలీసులు ఇద్దరు రాజకీయ ఖైదీల్ని కాల్చి చంపిన చోటు అది. జైలు కాలేజీ అయిందని దేశం సంతోషించింది. ఆ తర్వాత సోవియట్ సాయంతో బొంబాయి, పశ్చిమ జర్మనీ సాయంతో మద్రాసు, అమెరికా సాయంతో కాన్పూరు, బ్రిటన్ సాయంతో ఢిల్లీ. అప్పట్నుంచి అంతా 'ప్రతిభ' కథే. కాలిఫోర్నియాకి పోయినవాళ్ల కథ.

ఈ కథలో అబద్ధం ఏమీ లేదు. ఐతే ఒక కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. దలాల్ కూర్చున్న అదే కార్యనిర్వాహక మండలిలో 1942 నుంచి 1946 దాకా కార్మిక శాఖ సభ్యుడిగా బాబాసాహెబ్ అంబేద్కర్ కూర్చున్నారు. ఐఐటీల చరిత్ర రాసినవాళ్లకి ఆ సంగతి గుర్తుండదు.

1942 అక్టోబరు 29న అంబేద్కర్ వైస్రాయి లిన్‌లిత్‌గోకి షెడ్యూల్డు కులాల కష్టాల మీద ఒక రహస్య వినతిపత్రం ఇచ్చారు. చదువు గురించి అందులో ఆయన వాదన చాలా స్పష్టంగా వుంటుంది. మనవాళ్లకి మామూలు డిగ్రీలు, లా చదువులు సరిపోవంటారు. కావల్సింది సైన్సులో, టెక్నాలజీలో ఉన్నత విద్య. అది ఖర్చుతో కూడిన చదువు. అంటరాని కులాల తల్లిదండ్రులు సొంత డబ్బుతో ఎప్పటికీ చదివించలేరు. కాబట్టి ఇక్కడ చదవడానికీ, విదేశాలకి వెళ్లి చదవడానికీ సర్కారే స్కాలర్‌షిప్పులు ఇవ్వాలి. దాని ఫలితంగానే షెడ్యూల్డు కులాల స్కాలర్‌షిప్పులకి ఏడాదికి మూడు లక్షల రూపాయలు మంజూరయ్యాయి. ఇవాళ మనం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు అంటున్న పథకం 1944లో మొదలైంది. హాస్టలు మెస్సు బిల్లు కట్టడానికి దాని కోసం నెలలకొద్దీ ఎదురుచూసిన మనలో చాలామందికి దాని పుట్టుక తెలీదు.

ఆ నాలుగేళ్లలో ఆయన కార్మిక శాఖ పరిధిలో ఇంకా ఏమున్నాయో చూడండి. దామోదర్ లోయ పథకం. కేంద్ర జలమార్గాల, నీటిపారుదల సంఘం. కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు. యుద్ధ పరిశ్రమలకి పనివాళ్లని తయారుచేసే సాంకేతిక శిక్షణ. డ్యాములు, కరెంటు, యంత్రం తెలిసిన చేతులు. దేశానికి టెక్నాలజీ ఎందుకు కావాలో, అది ఎవరి చేతుల్లో వుండాలో ఆ రోజుల్లో ఆయనంత వివరంగా ఆలోచించిన మంత్రి మరొకరు మాకు కనపడరు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ రెండు దారులూ రెండు వైపులకి పోయాయి. కార్మిక శాఖలో యుద్ధకాలం నుంచి నడుస్తున్న శిక్షణ 1950లో చేతిపనివారి శిక్షణా పథకంగా మారింది. అందులోంచి పారిశ్రామిక శిక్షణా సంస్థలు, అంటే ఐటీఐలు వచ్చాయి. సర్కార్ కమిటీ దారిలోంచి ఐఐటీలు వచ్చాయి. ఇంగ్లీషులో రాస్తే రెండింటి పేర్లలోనూ అవే మూడక్షరాలు, వరస మాత్రమే తేడా. మన వాడలకి ఐటీఐ చేరింది. ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను. రైల్వే షెడ్డులో అప్రెంటిసు దొరికితే ఆ ఇంటికి అదే పండగ. దాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. ఆ జీతాల మీదే మా తరం చదువుకుంది. కానీ అంబేద్కర్ 1942లో అడిగింది ఇది కాదు. ఆయన అడిగింది పై మెట్టు. మనకి ఇచ్చింది కింది మెట్టు. పై మెట్టు మీద సున్నా.

ఈ సున్నాని అర్థం చేసుకోవాలంటే మొదటి గేటు దగ్గరికి, గిండీ కాలేజీకి రావాలి.

మద్రాసు రాష్ట్రంలో జస్టిస్ పార్టీ కాలం నుంచి కమ్యూనల్ జీవో వుంది. 1950 నాటికి ప్రభుత్వ ఇంజనీరింగు, మెడికల్ కాలేజీల్లో ప్రతి పద్నాలుగు సీట్లకి లెక్క ఇట్లా వుండేది: బ్రాహ్మణేతర హిందువులకి ఆరు, వెనకబడిన హిందువులకి రెండు, బ్రాహ్మణులకి రెండు, హరిజనులకి రెండు, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి ఒకటి, ముస్లింలకి ఒకటి. రాష్ట్రం మొత్తానికి వున్న ఇంజనీరింగు సీట్లు 395. ఈ లెక్క మన తెలుగువాళ్లకి పరాయిది కాదు. కాకినాడ, అనంతపురం ఇంజనీరింగు కాలేజీలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోవే. పద్నాలుగులో రెండు మనవి. ఆ రెండూ నిండాయా లేదా అన్నది వేరే ప్రశ్న. కానీ ఇంజనీరు చదువు మీద అంటరాని కులాలకి హక్కు వుందని ఒక సర్కారు అంకెల్లో రాసి ఒప్పుకుంది.

రాజ్యాంగం అమల్లోకి రాగానే ఆ జీవోని కోర్టుకి లాగారు. చంపకం దొరైరాజన్ కేసు అందరికీ తెలుసు. ఆమెతోపాటు సి.ఆర్. శ్రీనివాసన్ అనే విద్యార్థి కూడా కోర్టుకి వెళ్లాడు. అతను అడిగింది గిండీ ఇంజనీరింగు కాలేజీలో సీటు. అంటే మన దేశంలో రిజర్వేషన్ల మీద మొదటి పెద్ద పోరాటంలో సగం ఇంజనీరు సీటు కోసం జరిగింది. మద్రాసు హైకోర్టులో జీవోకి వ్యతిరేకంగా వాదించినవారిలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. నెల్లూరు జిల్లాలో పుట్టినవాడు, రాజ్యాంగ రచనా సంఘంలో అంబేద్కర్ పక్కన కూర్చున్నవాడు. సమానత్వం అనే మాట రాసిన చేతులే ఆ మాటతో మన రెండు సీట్లనీ కొట్టివేయించడానికి పనిచేశాయి. మెడికల్ సీటుకి చంపకం అసలు దరఖాస్తే పెట్టలేదన్న సంగతి తీర్పులోనే వుంది. ఐనా గెలిచింది.

1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు జీవోని కొట్టేసింది. తమిళనాట పెరియార్ ఉద్యమం రోడ్డెక్కింది. జూన్ 18న మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. 15వ అధికరణంలో నాలుగో క్లాజు చేరింది. న్యాయశాఖ మంత్రిగా అంబేద్కర్ పార్లమెంటులో ఆ సవరణని సమర్థించి, సుప్రీంకోర్టు తీర్పు సంతృప్తికరంగా లేదని బాహాటంగా చెప్పారు. షెడ్యూల్డు కులాలకి, తెగలకి, వెనకబడిన తరగతులకి సీట్లు కేటాయించే అధికారం రాజ్యానికి అప్పట్నుంచి నిక్కచ్చిగా వుంది. మద్రాసు రాష్ట్రం వెంటనే దాన్ని వాడుకుని సీట్ల కేటాయింపు కొనసాగించింది.

సరిగ్గా అదే ఆగస్టులో ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీ క్లాసులు మొదలయ్యాయి. కేంద్రం చేతిలోనూ అదే అధికారం వుంది. వాడలేదు. ఇరవై రెండేళ్లు వాడలేదు.

ఎందుకు వాడలేదన్నదానికి చట్టంలోనే ఒక ఆచూకీ దొరుకుతుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 64వ అంశం: కేంద్రం డబ్బుతో నడుస్తూ, పార్లమెంటు 'జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ'గా ప్రకటించిన శాస్త్ర సాంకేతిక విద్యాసంస్థలు. 1956లో ఖరగ్‌పూర్‌కి, 1961 చట్టంతో మిగతావాటికీ ఆ హోదా వచ్చింది. 1961 చట్టం ఏడో సెక్షను చూడండి. ఏ జాతి, మతం, కులం, వర్గం వాళ్లకైనా, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా సంస్థ తెరిచి వుంటుందని అర్థం వచ్చేట్టు రాశారు. చదవడానికి చాలా బాగుంటుంది. ఊళ్లో హోటలు గోడ మీద 'అందరికీ ప్రవేశం కలదు' అని బోర్డు పెట్టి లోపల రెండు గ్లాసులు పెట్టడం మనకి తెలిసిందే కదా. ఇక్కడ రెండో గ్లాసు కూడా పెట్టలేదు. మనం లోపలికే రాము కాబట్టి ఆ అవసరం రాలేదు. కులాన్ని అడగబోమని చెప్పిన సంస్థ, ఎవరికి ఇంగ్లీషు వచ్చు, ఎవరికి పట్నంలో హైస్కూలు లెక్కల మాస్టరు దొరికాడు అని మాత్రం అడిగింది. 1961 నుంచి దేశమంతటికీ ఒకే ప్రవేశపరీక్ష వచ్చింది. అది ఇంగ్లీషు పరీక్ష.

దీంతో గిండీ రోడ్డు మీద ఒక విచిత్రమైన పరిస్థితి వచ్చింది. రోడ్డుకి ఒక పక్క రాష్ట్రం కాలేజీ: అక్కడ షెడ్యూల్డు కులాలకి, వెనకబడిన కులాలకి సీట్లున్నాయి. ఇంకో పక్క కేంద్రం ద్వీపం: అక్కడ లేవు. 'ది కాస్ట్ ఆఫ్ మెరిట్' (2019) అనే పుస్తకంలో మానవశాస్త్రవేత్త అజంతా సుబ్రమణియన్ మద్రాసు ఐఐటీ మీదే పనిచేసి వాదించింది ఇదే. రాష్ట్ర కాలేజీల్లో, ఉద్యోగాల్లో పట్టు సడలిన తమిళ బ్రాహ్మణులకి ఐఐటీ కొత్త ఆశ్రయమైందనీ, కులం అక్కడ 'మెరిట్' అనే పేరు పెట్టుకుందనీ ఆమె అంటారు. మా పరిశీలన కూడా దానికి దగ్గరగానే వుంది. ఒక్కటి కలుపుతాం. 'జాతీయ' అనే మాట కూడా ఆ పనే చేసింది. రాష్ట్రం అంటే కులాలు, కోటాలు, గొడవలు. జాతి అంటే స్వచ్ఛమైన ప్రతిభ. 1960ల్లో ఈ భాష ఎంత గట్టిగా స్థిరపడిందంటే, ఇవాళ మన పిల్లలు కూడా తెలీకుండా అదే మాట్లాడుతున్నారు.

ఇక చేతిపని సంగతి.

మద్రాసు ఐఐటీకి పశ్చిమ జర్మనీ సాయం 1956లో నెహ్రూ అక్కడికి వెళ్లినప్పుడు ఖాయమైంది. జర్మన్లు యంత్రాలు పంపారు, ప్రొఫెసర్లని పంపారు, వర్క్‌షాపులు కట్టించారు. జర్మన్ ఇంజనీరింగు సంప్రదాయంలో విద్యార్థి లేతు మీద నిలబడాలి, ఆకురాయి పట్టాలి, చేతులకి నూనె అంటాలి. మొదటి బ్యాచీలు ఆ వర్క్‌షాపుల్లో గంటల తరబడి పనిచేశాయి. కానీ ఆ పనిని అక్కడి చదువు గర్వంగా చెప్పుకోలేదు. గౌరవం గణితానికి, సిద్ధాంతానికి పోయింది. తొమ్మిది అమెరికన్ విశ్వవిద్యాలయాలు కలిసి తీర్చిదిద్దిన కాన్పూరు అందరికీ ఆదర్శమైంది. ఈ గొడవ ఐఐటీతో మొదలైంది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర గిండీలో ప్రొఫెసరుగా పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ కాలం నుంచి వుంది. కాలేజీలో చదివిన అగ్రకులాల కుర్రాళ్లు పనిముట్టు పట్టరనీ, పనిముట్టు పట్టే కులాలకి కాలేజీ అందదనీ ఆనాటి అధికారులే గొణిగారు. పరిష్కారంగా కాలేజీ గుమ్మం వెడల్పు చెయ్యలేదు. కింది కులాలకి ఇండస్ట్రియల్ స్కూలు అని వేరే పెట్టారు. ఐటీఐ దాని మనవడు.

చాటర్టన్ మద్రాసులో క్రోము పద్ధతిలో తోలు ఊనడం ప్రవేశపెట్టాడని పారిశ్రామిక చరిత్రలో వుంటుంది. మరి అప్పటిదాకా తోలు ఊనిందెవరు? లందలో సున్నం, తంగేడు చెక్క, కరక్కాయ ఎంత పాలు వెయ్యాలో, ఏ చర్మం ఎన్నాళ్లు నానాలో, ఎప్పుడు తిరగెయ్యాలో తెలిసిన మాదిగలు. మోటబావికి తొండం కుట్టి, ఆ తోలుతో నీళ్లు తోడించి మెట్టపొలాలు తడిపిన వాళ్లు. మద్రాసు రాష్ట్రం నుంచి ఓడలకొద్దీ ఇంగ్లండుకి పోయిన ఊనిన తోళ్ల వెనకాల తంగేడు చెక్క రసాయనశాస్త్రం వుంది. ఆ శాస్త్రానికి పుస్తకం లేదు, డిగ్రీ లేదు. వాసన వుంది. ఆ వాసన వల్లే వాళ్లని ఊరి చివర పెట్టారు.

అదే పని రెండో గేటు లోపలికి వెళ్లేసరికి ప్రయోగశాల అయింది. కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థని 1958 నుంచి 1971 దాకా నడిపిన యలవర్తి నాయుడమ్మ గారు మన తెలుగువారే, తెనాలి దగ్గర యలవర్రు. కాశీలో చదివి, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి, తోలు శాస్త్రంలో ప్రపంచం గుర్తించిన మనిషి. వ్యవసాయ కులంలో పుట్టి తోలు పట్టడానికి ఆ రోజుల్లో ధైర్యం కావాలి. పల్లె చేతిపనివాళ్ల దాకా శాస్త్రం పోవాలని ఆయన మాట్లాడారు కూడా. ఆయన్ని తగ్గించడం మా ఉద్దేశం కాదు. మా ప్రశ్న వేరు. ఒక కమ్మ యువకుడు తోలు పడితే శాస్త్రవేత్త అయ్యే దారి దేశంలో వుంది. తరతరాలుగా తోలు పట్టిన మాదిగ యువకుడు శాస్త్రవేత్త అయ్యే దారి ఆ రోజుల్లో ఎక్కడుంది? రోడ్డుకి అటు పక్క ఐఐటీలో మొదట పెట్టిన సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్, మెటలర్జీ విభాగాల్ని ఒక్కొక్కటిగా చదువుతూ పోతే వడ్డెర, వడ్రంగి, కమ్మరి, కంసాలి, లంద అన్నీ గుర్తొస్తాయి. పనులన్నీ లోపలికి వచ్చాయి. ఆ పనులు చేసిన మనుషులు రాలేదు.

1973లో వచ్చారు. షెడ్యూల్డు కులాలకి 15 శాతం, తెగలకి 7.5 శాతం. మొదటి ఏళ్లలో ఆ సీట్లు నిండలేదు. దీన్నే పట్టుకుని 'చూశారా, ఇచ్చినా రాలేకపోతున్నారు' అన్నారు. ఇరవై రెండేళ్లు మూసిన తలుపుని ఒకరోజు తీసి, జనం ఎందుకు పరుగెత్తుకు రాలేదని అడగడం ఇది. తర్వాత 1980ల్లో కటాఫ్ అందని విద్యార్థుల కోసం ఏడాదిపాటు సన్నాహక కోర్సు పెట్టారు. దాని గుణదోషాల మీద మనలోనే రెండభిప్రాయాలున్నాయి. ఒక ఏడాది అదనంగా చదవడం వల్ల నిలదొక్కుకున్నవాళ్లు ఎందరో. ఆ ఏడాది వల్లే నాలుగేళ్లూ 'వీడు ప్రిపరేటరీ' అనిపించుకున్నవాళ్లూ ఎందరో. ర్యాంకు ఎంత అని అడగడం మన దగ్గర 'ఏమిట్లు' అని అడగడం లాంటిదే. ఊళ్లో ఇంటిపేరు అడుగుతారు, క్యాంపస్‌లో ర్యాంకు అడుగుతారు.

అధ్యాపకుల వైపు నుంచి ఆ భాష ఎలా వుండేదో చెప్పడానికి ఒక్క పేరు చాలు. 1980ల మొదట్లో మద్రాసు ఐఐటీ డైరెక్టరుగా వున్న పి.వి. ఇందిరేశన్, సామాజికంగా వెనకబడినవాళ్లు ప్రత్యేక సౌకర్యాలు అడుగుతుంటే ప్రతిభ వున్నవాళ్ల హక్కులు ఏమవుతాయన్న ధోరణిలో వాదించినవారు. అంటే మనది అడుక్కోవడం, వాళ్లది హక్కు. 2011లో ఓబీసీ కటాఫ్ మీద సుప్రీంకోర్టు తేల్చిన కేసుకి కూడా ఆయన పేరే వుంది. ఒక మనిషిని తిట్టడానికి ఇది రాయడం లేదు. ముప్పయ్యేళ్లపాటు ఒకే వాదన ఒకే సంస్థ గోడల మధ్య ఎంత గౌరవంగా బతికిందో చెప్పడానికి రాస్తున్నాం.

ఇంకో పక్క, ఈ 'ప్రతిభ' ఎలా తయారవుతుందో తెలుగువాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు దేశంలో తక్కువ. హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్య గారు ఐఐటీ పాఠాలు మొదలుపెట్టాక, ఆ పాఠాల్లో చేరడానికే మరో ప్రవేశపరీక్ష వచ్చింది. రామయ్య గారు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మనిషి, మాస్టరు. ఆ తర్వాత వచ్చిన కార్పొరేటు కాలేజీలకి అట్లాంటి చరిత్ర ఏదీ లేదు. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు. ఏటా లక్షల్లో ఫీజు. అట్లా తయారైన ర్యాంకుని పుట్టుకతో వచ్చిన తెలివి అనడం, ఎరువేసి నీళ్లు పెట్టిన మడినీ వానకి ఎదురుచూసే చెలకనీ పక్కపక్కన పెట్టి దిగుబడి పోల్చడమే. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఈ సంగతి గ్రహించాయి. గౌలిదొడ్డి లాంటి చోట్ల మన పిల్లలకి అదే ఎరువు, అదే నీళ్లు ఇచ్చారు. 2010ల్లో అక్కడినుంచి ఐఐటీ సీట్లు ఏటా వచ్చాయి. విత్తనంలో లోపం లేదని అంతకంటే రుజువు ఏం కావాలి?

భాష సంగతి మాత్రం కదల్లేదు. జేఈఈ మెయిన్స్ 2021 నుంచి తెలుగుతో సహా పదమూడు భాషల్లో పెట్టారు. ఐఐటీ సీటుని నిర్ణయించే అడ్వాన్స్‌డ్ పరీక్ష ఇంగ్లీషు, హిందీల్లోనే నడుస్తూ వచ్చింది.

తర్వాతి ఘట్టాలు మన పాఠకులకి తెలిసినవే, త్వరగా చెప్పుకుందాం. 2006 చట్టం, 2008 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు, ఓబీసీలకి 27 శాతం. అదే ఏడాది మన రాష్ట్రానికి ఐఐటీ హైదరాబాదు వచ్చింది. 2015లో తిరుపతికి కూడా వచ్చింది. అధ్యాపక ఉద్యోగాల్లో రిజర్వేషను మాట 2008లో కేంద్రం ఎత్తగానే ఐఐటీల డైరెక్టర్లు అభ్యంతరం చెప్పారు. 2019లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది. ఆ మరుసటి ఏడాదే, ఢిల్లీ ఐఐటీ డైరెక్టరు నాయకత్వంలోని కమిటీ ఒకటి, ఐఐటీలని ఆ చట్టం నుంచి మినహాయించమని సిఫారసు చేసింది. దానికి చెప్పిన కారణం మళ్లీ అదే: జాతీయ ప్రాముఖ్యత. 1961లో రాసిన ఆ రెండు మాటలు 2020లో కూడా పనిచేస్తున్నాయి.

2014 అంబేద్కర్ జయంతి నాడు మద్రాసు ఐఐటీలో విద్యార్థులు అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ పెట్టుకున్నారు. చదువుకోవడం, చర్చించుకోవడం, కరపత్రాలు వెయ్యడం. 2015 మేలో, ఢిల్లీకి చేరిన ఒక ఆకాశరామన్న ఉత్తరం తర్వాత సంస్థ దాని గుర్తింపు తీసేసింది. దేశమంతా గొడవైంది. జూన్‌లో గుర్తింపు తిరిగొచ్చింది. చిన్న సంఘటనే కావచ్చు. కానీ ఆ సంస్థ చరిత్రలో అంబేద్కర్ పేరు దేశం నోట పలికింది బహుశా అప్పుడే. 1942లో ఆయన రాసిన కాగితానికీ ఆ క్యాంపస్‌కీ మధ్య డెబ్భై ఏళ్లు పట్టింది.

2023 ఫిబ్రవరిలో బొంబాయి ఐఐటీలో మొదటి ఏడాది చదువుతున్న దళిత విద్యార్థి చనిపోయాడు. చదువులో వెనకబడటం కారణం కావచ్చని సంస్థ వేసిన కమిటీ అంది. కులం అని తల్లిదండ్రులు అన్నారు. ర్యాంకు అడిగిన గొంతులు ఏ కమిటీ ముందూ సాక్ష్యం చెప్పవు.

మనలోనే కొందరు కార్యకర్తలు అడుగుతుంటారు: ఈ ఐఐటీలు మనకెందుకు, కొన్ని వేల సీట్లు, చదివాక అమెరికాకి పోయేవాళ్లు, ఊళ్లో కూలిరేట్ల సమస్యకీ దీనికీ ఏం సంబంధం అని. ఈ ప్రశ్నని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. ప్రజల పన్ను డబ్బుతో చదివి దేశం విడిచినవాళ్ల గురించి 1980ల్లో ఆ సంస్థల్లోనే అధ్యయనాలు జరిగాయి. ఐతే ఈ దేశంలో డ్యాము ఎక్కడ కట్టాలి, కరెంటు తీగ ఎటు పోవాలి, ఊరికి నీళ్ల ట్యాంకు ఏ పక్క పెట్టాలి అని గీతలు గీసేది ఆ చదువు చదివినవాళ్లే. మా చిన్నప్పుడు ఇంజనీరంటే కాలవ గట్టు మీద జీపు దిగే మనిషి. ఆ జీపు ఎప్పుడూ మాలపల్లె, మాదిగగూడెం దాకా వచ్చేది కాదు. పైపులైను కూడా అంతే. గీత గీసే చెయ్యి ఎవరిదన్నది కూలిరేటంత నిజమైన ప్రశ్న. అంబేద్కర్ విద్యుత్ బోర్డు, స్కాలర్‌షిప్పు ఒకే శాఖలో, ఒకే కాలంలో పట్టించుకోవడానికి కారణం ఇదేనని మేం అనుకుంటున్నాం.

ఇక డబ్బు. 2016లో ఐఐటీల ఫీజు ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకి పెంచారు. షెడ్యూల్డు కులాలకి, తెగలకి ట్యూషను ఫీజు పూర్తిగా మాఫీ అన్నారు. అది మంచిదే. కానీ సీటు ఖాయం చేసుకోవడానికి ముందు కట్టాల్సిన సొమ్ము ఒకటుంటుంది, దానికో గడువు వుంటుంది. 2021లో బొంబాయి ఐఐటీలో సీటొచ్చిన ఒక దళిత విద్యార్థి కార్డు పనిచెయ్యక గడువు దాటిపోయి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది.

2024లో మళ్లీ అదే జరిగింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక రోజుకూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు సీటొచ్చింది. కట్టాల్సింది 17,500 రూపాయలు. గడువు జూన్ 24 సాయంత్రం ఐదు గంటలు. ఊళ్లో వాళ్లనీ వీళ్లనీ అడిగి డబ్బు పోగుచేసేసరికి నాలుగూముప్పావు అయింది. కంప్యూటరులో వివరాలు ఎక్కించేలోపు ఐదు కొట్టింది, పోర్టల్ మూసుకుంది. అది అతనికి రెండో ప్రయత్నం, ఆఖరిది. తండ్రీకొడుకులు జార్ఖండ్ న్యాయసేవల సంస్థని అడిగారు. ఆ ఏడాది ప్రవేశపరీక్ష నిర్వహించింది మద్రాసు ఐఐటీ కాబట్టి మద్రాసు హైకోర్టుకి వెళ్లమన్నారు. పద్నాలుగు సీట్ల లెక్కని 1950లో కొట్టేసిన హైకోర్టు అదే. అక్కడినుంచి సుప్రీంకోర్టుకి వెళ్లారు. సెప్టెంబరు 30న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ధర్మాసనం రాజ్యాంగం 142వ అధికరణం కింద, వేరే ఎవరి సీటూ పోకుండా, అవసరమైతే అదనంగా ఒక సీటు సృష్టించి, అదే బ్యాచిలో చేర్చుకోమని ధన్‌బాద్ ఐఐటీని ఆదేశించింది. అప్పటికే క్లాసులు మొదలయ్యాయి.